నా పొట్టలో వైను, నా ముందు భోజనాల బల్ల

నేను మట్టి కాగును. మీ పెద్దల ఇళ్ళల్లో ధాన్యానికీ నీళ్ళకీ వాడిన కాగుల కన్నా చాలా పెద్దదాన్ని. పొడుగాటి మనిషి కూడా పీట ఎక్కితే గానీ నా నోట్లోకి తొంగిచూడలేడు. పోర్చుగల్ దక్షిణాన అలెంతేజు ప్రాంతంలో, విల ద ఫ్రాదెస్ అనే పల్లెలో, ఒక పూటకూళ్ళ ఇంట్లో గోడవారన నిలబడి ఉన్నాను. ఇక్కడ మమ్మల్ని తాల్య అంటారు. మా పొట్టలో వైను తయారవుతుంది, మా ముందు బల్లలు వేసుకుని జనం భోంచేస్తారు. నూరేళ్ళకు పైగా నేను చూస్తూ వచ్చింది ఆ రెండే: ద్రాక్ష పులవడం, మనుషులు తినడం. మొదటిది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నాకు రెండో దాని మీదే మనసు.

నన్ను చేసింది సావ్ పెద్రు దు కోర్వల్ అనే కుమ్మరుల ఊళ్ళో. ఇంత పెద్ద పాత్ర సారెకు లొంగదు. అందుకని మట్టిని పొడుగ్గా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి, ఒక వరస కాస్త ఆరి గట్టిపడ్డాక పై వరస ఎత్తుతూ, వారాల తరబడి నన్ను కట్టాడు మా కుమ్మరి. తొందరపడి పై వరస వేస్తే కింది వరస కుంగిపోతుంది. ఆవంలో కాల్చి, గడ్డి పరిచిన ఎద్దుల బండి మీద ఇక్కడికి తెచ్చారు. మట్టికి తడి పీల్చే గుణం ఉంది కదా, వైను ఇంకిపోకుండా నా లోపలి గోడకు పైన్ చెట్ల జిగురు పూశారు. నన్ను బోర్లించి కింద మంట పెట్టి, ఒళ్ళంతా వేడెక్కాక కరిగిన జిగురు పోసి, నలుగురు కలిసి నేలమీద దొర్లించారు. కొన్నేళ్ళకోసారి ఆ పూత మళ్ళీ వెయ్యాలి. ఆ విద్య తెలిసినవాళ్ళు ఒకప్పుడు ఊరూరా తిరిగేవాళ్ళు. ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలారు.

కాగుల్లో వైను చేసే పద్ధతి ఈ నేలకు రోమన్లు నేర్పింది, దాదాపు 2000 ఏళ్ళ నాటిది. మా ఊరి శివార్లలో సావ్ కుకుఫాతె అనే చోట వాళ్ళు కట్టుకున్న భవనం శిథిలాలు ఇంకా నిలబడే ఉన్నాయి. వేసవి చివర ద్రాక్ష కోసి, కాడలు తీసి, పళ్ళు చితక్కొట్టి, రసం, తొక్కలు, గింజలు అన్నీ కలిపి మాలో పోస్తారు. అది పులుస్తున్నప్పుడు తొక్కలన్నీ పైకి తేలి దట్టమైన మూతలా బిగుసుకుంటాయి. రోజుకు కనీసం రెండుసార్లు కర్రతో ఆ మూతను లోపలికి అదమాలి. మరిచిపోతే కింద గాలి పేరుకుని కాగు పగిలిపోతుంది. నా పక్కనే ఉండిన ఒక కాగు అలాగే పోయింది. అలా పగిలితే వైను వృథా కాకుండా ఈ గది నేలను వాలుగా వేసి, మధ్యలో ఇంకో కాగును భూమిలో పాతిపెట్టారు. కారిందంతా దాంట్లోకి చేరుతుంది. తొక్కలు మెల్లగా అడుక్కి దిగాక, నవంబరు 11న, సెయింట్ మార్టిన్ పండుగ రోజు, నా పొట్ట కింది రంధ్రానికి చెక్క కుళాయి బిగిస్తారు. అడుగున దిగిన తొక్కల్లోంచే వడకట్టుకుని వైను బయటికొస్తుంది. 2010లో ఈ వైనుకు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. నవంబరు 11 దాకా తొక్కల మీదే ఉండాలన్నది దాని నిబంధన. మా ఊరివాళ్ళు ఎటూ ఆ తేదీకి ముందు కుళాయి ముట్టుకునేవాళ్ళు కారు.

ఇక భోజనం సంగతి.

అలెంతేజు తిండి గొప్పదని ఇప్పుడు అందరూ అంటారు. లిస్బన్ నుంచి రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి తిని వెళతారు. ఆ తిండి ఇలా తయారవడానికి కారణం ఆకలి అని నాకు తెలుసు. ఈ మైదానాలన్నీ కొద్దిమంది భూస్వాములవి. 1929లో అప్పటి సైనిక ప్రభుత్వం గోధుమ సాగు పెంచాలని ఉద్యమం పెట్టింది. దేశానికంతటికీ ధాన్యపు కొట్టు ఇదేనన్నారు. ఆ గోధుమ కోసిన చేతులకు మాత్రం ఏడాదిలో కొన్ని నెలలే పని, అదీ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా. 1954 మే 19న, బేజా పట్నం దగ్గరి బలయిజావ్ గ్రామంలో, కూలి పెంచమని అడగడానికి వెళ్ళిన కతరీన యుఫేమియ అనే కోతకూలీని ప్రభుత్వ గార్డుల అధికారి కాల్చి చంపాడు. ఆమెకు 26 ఏళ్ళు. 1962లో ఈ ప్రాంతపు కూలీలు సమ్మెలు చేసి ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. 1974 ఏప్రిల్ 25న నియంతృత్వం కూలిపోయాక ఎస్టేట్లను ఆక్రమించి సాగుచేశారు. ఈ కబుర్లన్నీ నేను విన్నది ఈ గదిలోనే, వైను గ్లాసుల మధ్య.

ఆ కూలీల ఇళ్ళల్లో ఉండేది రొట్టె ఒక్కటే. వారానికోసారి కాల్చుకునే పెద్ద గోధుమ రొట్టె. మొదటి రెండు రోజులు మెత్తగా ఉంటుంది, తరవాత ఎండిపోతుంది. ఎండిన రొట్టెను పారెయ్యడం అనేది ఈ ఊళ్ళో ఎవరి ఊహలోకీ రాదు. ఇక్కడి వంటలన్నీ ఎండిన రొట్టెను ఎలా తినాలి అనే ప్రశ్నకు ఆడవాళ్ళు కనిపెట్టిన జవాబులే.

ఆసోర్ద చూడండి. రోట్లో వెల్లుల్లి, కొత్తిమీర, కళ్ళుప్పు వేసి నూరతారు. కొత్తిమీర లేని రోజుల్లో వాగు పక్కన మొలిచే పుదీనా జాతి ఆకు ఒకటి వేస్తారు. ఆ ముద్దను గిన్నెలో వేసి, ఆలివ్ నూనె పోసి, గుడ్లు ఉడికించిన మరుగునీళ్ళు గుమ్మరిస్తారు. దాంట్లో ఎండు రొట్టె ముక్కలు. అంతే. నీళ్ళు పడగానే లేచే ఆ వాసనకు గదిలో మాటలు ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. డబ్బున్నవాళ్ళు ఉప్పుచేప వేసుకుంటారు, లేనివాళ్ళకు గుడ్డు, అదీ లేకపోతే ఉత్త నీళ్ళూ రొట్టే. మూడూ ఆసోర్దలే, మూడింటికీ మర్యాద ఒకటే. లిస్బన్‌లో దీన్ని చిక్కటి ముద్దగా చేస్తారట. ఇక్కడ మాత్రం అది పలచని పులుసులా ఉండాలి, చెంచాతో జుర్రుకోవాలి.

మీగష్ ఇంకో రకం. పంది మాంసం వేయించి పక్కన తీసిపెట్టి, ఆ పెనంలో మిగిలిన కొవ్వులో వెల్లుల్లితో పాటు నానబెట్టిన రొట్టె వేసి మెదుపుతూ, పెనాన్ని కుదుపుతూ తిప్పుతారు. చివరికి అది రాగిసంగటిలా ఒక్క ముద్దయి, పైన మాత్రం ఎర్రగా కాలి కరకరలాడుతుంది. వసంతంలో పొలాల గట్ల మీద దొరికే అడవి ఆస్పరాగస్ కలిపితే ఇక చెప్పక్కర్లేదు. ఇక్కడి నల్లపందులు చలికాలమంతా ఓక్ చెట్ల కింద రాలిన కాయలు తిని పెరుగుతాయి. ఆ మాంసానికి వేరే మసాలా అక్కర్లేదు. ఎర్ర మిరప ముద్దా, వెల్లుల్లీ, కాస్త నా వైనూ పట్టిస్తే చాలు.

ఎండాకాలంలో ఈ గది బయట 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గస్పాషు చేస్తారు. చల్లటి నీళ్ళల్లో టమాటా, దోసకాయ, క్యాప్సికమ్ ముక్కలు, వెల్లుల్లి, వెనిగర్, నూనె, ఎండిన ఒరిగానో, పైన రొట్టె ముక్కలు. సరిహద్దు అవతల స్పెయిన్‌లో దీన్ని మెత్తగా రుబ్బేస్తారు. ఇక్కడ రుబ్బరు, ముక్క పంటికి తగలాల్సిందే. కోతకాలంలో కూలీలు పొలంలోనే చేసుకుని తిన్న తిండి ఇది.

మీకు బాగా తెలిసిన ఆకు ఒకటుంది. మీరు గంగవాయిలి కూర అంటారు, ఇక్కడ బెల్ద్రువెగష్. మీ దగ్గర పప్పులో వేస్తారు. ఇక్కడ తొక్క తియ్యని వెల్లుల్లి గడ్డలు అలాగే వేసి, బంగాళాదుంపలు, గొర్రెపాల చీజ్, గుడ్లు కలిపి చారు కాస్తారు. ఎవరూ విత్తనం వెయ్యని ఆకు, చేను పక్కన దానంతటదే మొలిచే ఆకు. కూలీ చేతికి ఖర్చు లేకుండా దొరికింది కాబట్టే రెండు దేశాల్లోనూ కూరయింది.

మీకూ ఈ ఊరికీ మధ్య ఇంకో సంగతి కూడా ఉంది. మాకు ఆనుకునే ఉన్న పట్నం విదిగైరా. మీరు బళ్ళో చదువుకున్న వాస్కో డ గామాకు 1519లో రాజు ఇచ్చిన బిరుదు విదిగైరా కౌంట్. 1524లో కొచ్చిన్‌లో చనిపోయిన అతని అస్థికలను తెచ్చి ఇక్కడి మఠంలో ఉంచారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో గానీ వాటిని లిస్బన్‌కు తరలించలేదు. అతను వెతుక్కుంటూ వెళ్ళిన మిరియాలు ఈ ఊరి పేదల రోట్లోకి పెద్దగా రాలేదు. దాల్చినచెక్క మాత్రం వచ్చింది. పండుగకు చేసే సెరికాయ అనే గుడ్లూ పాలూ కలిపిన తీపి వంటకం మీద దాల్చినచెక్క పొడి దట్టంగా చల్లి పొయ్యిలో పెడతారు. పైపొర బీటలు వారితేనే బాగా కుదిరినట్టు. పక్కన ఎల్వాష్ ఊరి పాకం పట్టిన ఆల్బుకరా పండు. ఇటువైపు నుంచి మీకు చేరింది మిరపకాయ. అమెరికా ఖండాల నుంచి తెచ్చి మీ తీరంలో దించింది పోర్చుగీసు ఓడలే. ఇక్కడ అది కారం తగ్గి మాంసానికి పట్టించే ముద్దగా స్థిరపడింది, మీ గుంటూరులో ఘాటెక్కింది.

మా పూటకూళ్ళ ఇంటి పద్ధతులు చెబుతాను, వస్తే పనికొస్తాయి. బల్ల మీద పరిచేది కాగితమే. కూర్చోగానే రొట్టె, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలు, సెర్ప ఊరి చీజ్ ముక్క తెచ్చి పెడతారు. గొర్రెపాలను ముళ్ళమొక్క పువ్వు నానేసిన నీళ్ళతో విరగ్గొట్టి చేస్తారా చీజ్. అడక్కుండా పెట్టారు కాబట్టి ఊరికే ఇచ్చారనుకోకండి. తిన్నదానికి లెక్క కడతారు, ముట్టుకోకపోతే తీసుకెళతారు, అందులో ఎవరికీ నామోషీ లేదు. జాబితాలో ఒక వంతు అని రాసిందంటే అది ఇద్దరికి సరిపోతుంది. ఒంటరిగా వచ్చినవాళ్ళు అర వంతు అడగాలి. అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇవాళ్టి వంటకం ఏమిటని. పొద్దున ఊళ్ళో ఏం దొరికిందో వంటావిడకు తెలుసు, జాబితాకు తెలియదు. మధ్యాహ్నం రెండున్నర దాటితే పొయ్యి ఆర్పేస్తారు. కొందరు నొచ్చుకుంటారు గానీ, ఆవిడ తెల్లవారుజాము నుంచి నిలబడి ఉందని వాళ్ళకు కనిపించదు కదా.

వైనుకు సీసా ఉండదు. పింగాణీ కూజా తీసుకుని వచ్చి నా కుళాయి తిప్పుతారు. ముసలివాళ్ళు మొదటి గ్లాసును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తారు. రెండో గ్లాసు తరవాత ఒకరు పాట ఎత్తుకుంటారు. ఒక గొంతు మొదలుపెట్టాక దానికి పైస్థాయిలో ఇంకో గొంతు అందుకుంటుంది, ఆ తరవాత గదిలోని మగాళ్ళందరూ నెమ్మదిగా కలుస్తారు. వాయిద్యం ఉండదు. ఆ పాట నా మట్టిగోడల్లో మోగడం నాకు తెలుస్తుంది. 2014లో యునెస్కో ఈ అలెంతేజు గానాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చక ముందూ ఇంతే బాగా పాడేవాళ్ళు.

లారీలు నడిపేవాళ్ళు ఉత్తరాది భోజనాల గురించి ఇక్కడ చెప్పుకుంటారు. కొయింబ్ర వెనక కొండల్లో ముసలి మేక మాంసాన్ని ఎర్ర వైనులో మునిగేలా పోసి, నల్లమట్టి పాత్రల్లో, కట్టెల పొయ్యిలో గంటల తరబడి మగ్గబెట్టే షన్‌ఫాన. మెయల్యాద రోడ్డు పక్కన కాల్చి వడ్డించే పాలు మరవని పందిపిల్లలు. త్రజుష్ మోంతిష్‌లో అల్యైర అనే పొగబెట్టిన సాసేజి. క్రైస్తవులుగా మారక తప్పని యూదులు, పంది తింటున్నట్టు కనిపించడానికి కోడిమాంసమూ రొట్టే కూరి దాన్ని చేశారని చెబుతారు. నేను కదలలేను కాబట్టి వాటి రుచి చెప్పలేను. కానీ షన్‌ఫాన వండేది నా జాతి మట్టి పాత్రలోనే అని విన్నప్పుడు సంతోషంగా ఉంటుంది.

పందొమ్మిది వందల యాభైల నుంచి ఊరు ఖాళీ కావడం మొదలైంది. కొందరు లిస్బన్ ఎదుటి గట్టు మీది కర్మాగారాలకు, కొందరు ఫ్రాన్స్‌కు. సహకార సంఘాల వైను కర్మాగారాలు వచ్చాయి, సిమెంటు తొట్లు వచ్చాయి, ఉక్కు పీపాలు వచ్చాయి. నా తోటి కాగులు చాలా వరకు తోటల్లో అలంకారానికి పోయాయి, కొన్నింటిలో పూలమొక్కలు నాటారు. ఇప్పుడు విల ద ఫ్రాదెస్‌లో వెయ్యికి లోపే జనం. నేను ఇంకా పనిలో ఉన్నానంటే ఈ పూటకూళ్ళ ఇల్లు మూతపడలేదు కాబట్టి. వారం మధ్యలో, వానపడే మంగళవారం నాడు, పదిమంది ఊరివాళ్ళు వచ్చి చారూ రొట్టే తిని పోయారు కాబట్టి. పండుగ రోజుల బేరంతో మాత్రమే ఏ వంటిల్లూ బతకదు. రోజూ తినేవాళ్ళు లేకపోతే వంటావిడ చేతికి రోజూ సాధన ఉండదు, రొట్టె ఎండదు, ఎండిన రొట్టె లేకపోతే ఆసోర్ద లేదు.

ఈ మధ్య శని ఆదివారాల్లో గది కిక్కిరిసిపోతోంది. వైను గురించి పుస్తకాలు చదివినవాళ్ళు వచ్చి నా చుట్టూ తిరుగుతారు, నన్ను నిమురుతారు. నాకు ఇష్టమే. వాళ్ళ వల్లే కుర్రవాళ్ళు కొందరు తిరిగొచ్చి ద్రాక్ష వేస్తున్నారు. డిసెంబరులో విటిఫ్రాదెస్ పండుగకు ఊరంతా కాగుల దగ్గరే ఉంటుంది. కానీ నేను ఇంకో గుంపును కూడా చూస్తున్నాను. 2002లో అల్కేవ ఆనకట్ట గేట్లు మూశాక నీళ్ళొచ్చి, గోధుమ పండిన నేలల్లో ఆలివ్, బాదం తోటలు వరసలు కట్టాయి. వాటిలో పనికి నేపాల్ నుంచి, పంజాబ్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి కుర్రవాళ్ళు వచ్చారు. తెల్లవారుజామున వ్యానుల్లో కుక్కుకుని పోతారు, చీకటిపడ్డాక వస్తారు. మా గుమ్మం ముందు నుంచే నడుస్తారు, లోపలికి రారు. ఒకప్పుడు ఈ బల్లల దగ్గర కూర్చున్న కోతకూలీల భుజాలు ఎలా వంగి ఉండేవో వీళ్ళవీ అలాగే ఉన్నాయి. కూలివాళ్ళు కనిపెట్టిన తిండి ఇది. ఇవాళ్టి కూలివాళ్ళు బయట నిలబడితే నాకు మనసు కుదుటపడదు.

మా యజమానికి ఎనభై దాటాయి. అతని మనవరాలు లిస్బన్‌లో ఉద్యోగం మానేసి గత శీతాకాలం వచ్చేసింది. మొన్న కుళాయి బిగించే ముందు రోజు ఇద్దరూ నా పక్కనే కూర్చుని ధరల గురించి వాదించుకున్నారు.

"తాతా, శని ఆదివారాల ధరే వారమంతా పెడదాం. పట్నం వాళ్ళు ఇస్తారు" అంది పిల్ల.

"వాళ్ళు ఇస్తారు. రోజూ వచ్చే ట్రాక్టరు డ్రైవరు ఇవ్వలేడు. వాడు మానేస్తే నువ్వు వారం రోజులు ఎవరికి వండుతావు?"

ఆమె కాసేపు కాగితం మీద లెక్కలు వేసింది. చారు, ఒక వంటకం, రొట్టె, గ్లాసు వైను కలిపి ఎంతకు ఇస్తే నష్టం రాదో రెండుసార్లు చూసుకుంది.

"సరే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఊరివాళ్ళ ధర. కానీ ఊరివాళ్ళంటే ఎవరు తాతా? ఆలివ్ తోటల్లో చేసే కుర్రాళ్ళు రెండేళ్ళ నుంచి పక్క వీధిలోనే ఉంటున్నారు."

"పొలం నుంచి వచ్చిన ప్రతివాడూ ఊరివాడే. ఈ గదిలో ఎప్పుడూ లెక్క అదే."

"అయితే బయట పలక మీద ఇంగ్లిష్‌లో కూడా రాస్తాను. వాళ్ళకు పోర్చుగీసు చదవడం రాదు."

"రాయి. వాళ్ళల్లో పంది ముట్టనివాళ్ళు ఉంటారు, అసలు మాంసమే తిననివాళ్ళు కూడా ఉంటారట. గురువారం శనగల కూర చేద్దాం, గుమ్మడికాయా పుదీనా వేసి, మాంసం వేరే గిన్నెలో. అదీ రాయి. రాశాక శనగలు నానబెట్టు, ఈసారి రెట్టింపు."